రేకుల కడియం

వారాసిగూడ సందులో, ఎండ మూడో మెట్టు ఎక్కేవేళకి
బెల్లు కొట్టారు ఇద్దరు.
తెల్లచొక్కాలు, టైలు, జేబు మీద నల్ల బిళ్ళ.
బిళ్ళ మీద ఎల్డర్ అని ఉంది, అంటే పెద్దాయన.
ఇద్దరివీ కలిపినా నా వయసు రాదు.
ఒకడు యూటా వాడు, థాచర్, మెడ వెనక టమాటాలా కందింది.
రెండోవాడు మన రాజమండ్రి పిల్లాడే, ఈపూరి.
టీ వద్దన్నారు. కాఫీ కూడా కూడదట.
సబ్జాగింజలు వేసి నిమ్మరసం ఇచ్చాను.

ఈపూరి చెప్పాడు, అప్పజెప్పినట్టు కాదు,
వాళ్ళింట్లో జరిగింది చెప్పినట్టు:
క్రీస్తుకి ఆరువందల ఏళ్ళ ముందు
యెరూషలేము వదిలిన ఒక కుటుంబం
ఓడ కట్టుకుని అమెరికా చేరిందని,
అక్కడ వంశం చీలి, ఊళ్ళు లేచి, ఊళ్ళు కాలి,
ఆఖరికి మిగిలిన ఒక్కడు బంగారు రేకుల్ని
గుట్టలో పాతిపెట్టాడని.
"రేకులు విడిపోకుండా?"
"మూడు కడియాలు సార్."

కుర్చీ ముందుకి జరుపుకున్నాను.
ముప్ఫై నాలుగేళ్ళు గన్‌ఫౌండ్రీ ఆఫీసులో నా పని అదే.
రాగిరేకులు. ఎడమపక్క చిల్లు, చిల్లులో కడియం,
కడియం అతుకు మీద వరాహం.
చింతపండుతో తోమితే పచ్చటి చిలుము కింద నుంచి
ఎవరో రాజు ఎవరికో పన్నెండు పుట్ల నేల ఇస్తూ దొరికేవాడు.

"ఇప్పుడెక్కడున్నాయి బాబూ అవి?"
"దేవదూత తిరిగి తీసుకెళ్ళాడు."
"చూసినవాళ్ళు?"
"పదకొండు మంది, పేర్లతో సహా."
మా శాసనాల్లోనూ సాక్షులుంటారు. అందరూ పోయినవాళ్ళే.

అడగకుండా ఉండలేకపోయాను.
మీ కథలో గుర్రాలున్నాయి, ఉక్కుంది, గోధుమ ఉంది.
ఆ నేలలో గుర్రం ఎముకలు మంచుకాలం నాటివి దొరికాయి,
మళ్ళీ స్పానిష్ ఓడ దిగినవి.
నడుమ అన్ని వేల ఏళ్ళు ఒక్క డెక్క గుర్తు లేదేం?
"తవ్వనిచోట్లు చాలా ఉన్నాయి" అన్నాడు థాచర్.
నిజమే. ఏ ఆఫీసులోనైనా ఫైలు మూయనివ్వని మాట అది.

"ఆ మట్టిదిబ్బలు కట్టినవాళ్ళ మనవలు అక్కడే ఉన్నారు.
వాళ్ళ నెత్తురు సైబీరియా వైపు వేలు చూపిస్తోంది.
మీ తాత ఫలానా అని చెప్పేముందు
మా తాత ఎవరో వాళ్ళు చెప్పింది విన్నారా?"
థాచర్ గ్లాసు అడుగున సబ్జాల్ని చూస్తూ,
ముందుమాటలో వాళ్ళని ముఖ్యమైన పూర్వీకులనేవారు,
ఈమధ్య, పూర్వీకుల్లో కొందరు అని దిద్దారు, అన్నాడు.
నేను అడగలేదు. తనే చెప్పాడు.
మా అమ్మ ఉంటే దిష్టి తీసేది.

గెలిచినట్టే ఉంది.
అల్మారా కింది అరలో చుట్టి పెట్టిన అచ్చుకాగితం ఒకటుంది.
కృష్ణ ఒడ్డు ఊరొకదాని రేకు. కూటశాసనం.
రాజు పేరు సరే, లిపి ఆయన పోయిన మూడొందల ఏళ్ళ తర్వాతది.
నేనే తేల్చాను, ఎనభై ఏడులో, రెండు పేరాల్లో.
ఆ ఊళ్ళో ఏటా దానికి పసుపు రాసేవాళ్ళు.
కాలవ తగాదా వస్తే దాని ముందు నిలబడి తెంపుకునేవాళ్ళు,
అక్కడ అబద్ధమాడితే నోరు పడిపోతుందని.
నా రిపోర్టు వెళ్ళిన ఏడే తగాదా కోర్టుకెక్కింది.
నేను రాసింది నిజం. రేపు మళ్ళీ రాయమన్నా అదే రాస్తాను.
అచ్చమాంబ అనే ముసలామె బస్సెక్కి ఆఫీసుకొచ్చి అడిగింది:
"ఇక దేని ముందు ఒట్టెయ్యాలయ్యా?"

కాగితం విప్పి పిల్లల ముందు పరిచాను, ఎందుకో తెలీదు.
ఈపూరి వంగి చూశాడు. "అక్షరాలు తెల్లగా ఉన్నాయేం సార్?"
"గుంటల్లోకి సిరా దిగదు. అంటనిచోటే అక్షరం."
వాడు తలెత్తలేదు చాలాసేపు.

నీలం అట్ట పుస్తకం టీపాయి మీద పెట్టి వెళ్ళారు.
రాత్రి పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను.
మొదటి గుర్రం కింద గీత గీశాను.
రెండో గుర్రం దొరికేలోపు కరెంటు పోయింది.
చీకట్లో, అలవాటు కొద్దీ, పేజీ మీద వేలు నడిపాను.
గుంటలు లేవు.
నున్నగా ఉంది.